కంప్యూటర్ మరిచిపోయిన పద్దు

ప్రింటర్ ఉన్నట్టుండి మాట వినడం మానేస్తుంది. లేదా రెండు నిమిషాల్లో తెరుచుకునే సిస్టమ్ పది నిమిషాలు తీసుకుంటుంది. మొన్న వచ్చిన అప్‌డేటేదో తేడా చేసిందేమోనన్న అనుమానంతో సెట్టింగ్స్ తెరిచి, విండోస్ అప్‌డేట్‌లోకి వెళ్లి, అప్‌డేట్ హిస్టరీ నొక్కుతాం. బారెడు జాబితా ఉండాల్సిన చోట ఒకే ఒక్క ఇంగ్లిష్ వాక్యం ఉంటుంది. ఇంతవరకు ఏ అప్‌డేటూ ఇన్‌స్టాల్ కాలేదని దాని అర్థం. నెలనెలా రీస్టార్ట్ చేయించి మరీ వేసుకున్నవన్నీ ఎటు పోయినట్టు? వైరస్ చొరబడిందా? ఎవరైనా తీసేశారా? విజయవాడ గవర్నర్‌పేటలో అయినా, గుడివాడ, తెనాలి, మచిలీపట్నం బజార్లలో అయినా ఈ మాట చెప్పగానే వినిపించే సలహా దాదాపు ఒకటే: ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్’. ఆ తొందర వద్దని చెప్పడానికే ఈ కథనం. తెరమీది ఆ వాక్యం చాలా సందర్భాల్లో నిజం కాదు. పోయింది అప్‌డేట్లు కాదు, వాటిని రాసుకున్న పద్దుల పుస్తకం. అలాగని ఆ పుస్తకానికి విలువ లేదనీ కాదు. దాన్ని ఎక్కువసార్లు పోగొట్టేది జబ్బు కాదు, మనం చేయించే వైద్యమే.

విండోస్‌లో ఒక అప్‌డేట్ దిగినప్పుడు రెండు వేర్వేరు చోట్ల రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. అసలు ఫైళ్లు, అంటే మారిన ప్రోగ్రాము ముక్కలు, విండోస్ ఫోల్డర్‌లోని విన్‌ఎస్ఎక్స్ఎస్ (విండోస్ సైడ్ బై సైడ్) అనే పెద్ద గోదాములో చేరి అక్కడి నుంచి అమల్లోకి వస్తాయి. ఏ ముక్క ఏ వెర్షన్‌లో ఉందో ఆ గోదాము తన లెక్క తాను చూసుకుంటుంది. ఇంకోవైపు, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్‌లో డేటాస్టోర్ పేరుతో చిన్న డేటాబేస్ ఫైలు ఉంటుంది. ఫలానా తేదీన ఫలానా అప్‌డేట్ వేశాను, ఫలానాది విఫలమైంది అని విండోస్ అప్‌డేట్ సర్వీసు రాసుకునేది అందులోనే. సెట్టింగ్స్‌లో మనకు కనిపించే హిస్టరీ ఆ ఫైలును చదివి చూపించేదే. గోదాముకు వెళ్లి సరుకు చూసి చెప్పేది కాదు. కాబట్టి ఆ చిన్న ఫైలు చెడిపోయినా, ఎవరైనా తీసేసినా, గోదాములో సరుకు నిండుగా ఉన్నా సరే తెర మాత్రం ఏమీ లేదనే అంటుంది. జాబితా దొరకలేదని చెప్పాల్సిన చోట అప్‌డేట్లే జరగలేదని చెప్పడం ఆ వాక్యం రాసినవాళ్ల పొరపాటు. ఆ ఒక్క మాట సరిగా రాసి ఉంటే ఎన్నో ఇళ్లలో అనవసరపు భయం తప్పేది.

కృష్ణ ఒడ్డున ఉండేవాళ్లకు ఈ తేడా కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ప్రకాశం బ్యారేజీ నుంచి కిందికి వెళ్తున్న నీరు 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది. లంక గ్రామాలను ఖాళీ చేయించాలా వద్దా అనేది ఆ క్షణాన ఉన్న ప్రవాహాన్ని బట్టి తేలుతుంది. నిన్న ఎంత, పోయినేడు ఎంత అన్న పుస్తకం ఆ పూటకు కనిపించకపోయినా నది ఉన్నచోటే ఉంటుంది, గేజి చెప్పేది చెబుతూనే ఉంటుంది. కానీ 2024 సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు తాకినప్పుడు, ఇది ఇంతకుముందెన్నడూ లేనంత అని వెంటనే చెప్పగలిగాం. ఏళ్ల తరబడి రాసిపెట్టిన లెక్కలు ఉండబట్టే ఆ మాట అనగలిగాం. నీటిమట్టం ఇప్పటి స్థితిని చెబుతుంది, ఆ స్థితికి ఎలా వచ్చామో పుస్తకం చెబుతుంది. పుస్తకం పోతే నది ఎండిపోయిందని ఎవరూ అనుకోరు. కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అలాగే అనుకుంటున్నాం.

ఈ పద్దుల పుస్తకం పోవడానికి కారణాలు మరీ చిత్రమైనవేం కావు. విండోస్ ఒక వెర్షన్ నుంచి మరో పెద్ద వెర్షన్‌కు మారినప్పుడు, ఉదాహరణకు 10 నుంచి 11కు వెళ్లినప్పుడు, లోపల జరిగేది దాదాపు కొత్త ఇన్‌స్టలేషనే. పాతది విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరిగి, మామూలుగా పది రోజుల తర్వాత మాయమవుతుంది. కొత్తదాని పుస్తకం మొదటి పేజీ నుంచి మొదలవుతుంది. ఇది లోపం కాదు. రెండో కారణం కరెంటు. గాలీ వానా మొదలైతే ఎప్పుడు పోతుందో తెలియని చోట, యూపీఎస్ బ్యాటరీ మార్చి ఏళ్లు గడిచిన ఇంట్లో, అప్‌డేట్ రాసుకుంటున్న సమయంలోనే సరఫరా ఆగితే ఆ డేటాబేస్ సగం రాతతో చెడిపోవచ్చు. మూడోది చాలా మామూలైంది, ఎవరూ గుర్తుపెట్టుకోనిది. అప్‌డేట్ ఎక్కడో ఇరుక్కుపోతే రిపేరుకు వచ్చినవాళ్లు విండోస్ అప్‌డేట్ సర్వీసును, దాంతోపాటు బిట్స్ అనే డౌన్‌లోడ్ సర్వీసును ఆపి, సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ పేరు మారుస్తారు, లేదా ఏకంగా తుడిచేస్తారు. విండోస్ మళ్లీ కొత్త ఫోల్డర్ తయారు చేసుకుంటుంది, ఇరుక్కున్న అప్‌డేట్ కదులుతుంది, సమస్య తీరుతుంది. పుస్తకం కూడా ఆ ఫోల్డర్‌లోనే ఉండటంతో పాత పద్దులన్నీ దాంతోపాటే వెళ్లిపోతాయి. ఆర్నెల్ల తర్వాత ఎవరో హిస్టరీ తెరిచి ఖాళీ పేజీ చూసి కంగారుపడతారు. అప్పటికి ఆ రిపేరు సంగతి ఎవరికీ గుర్తుండదు. చెత్త తుడిచేస్తామని చెప్పుకునే క్లీనర్ ప్రోగ్రాముల్లోనూ కొన్ని ఇదే పని చేసి, ఇంత జాగా మిగిల్చామని గొప్పగా చూపిస్తాయి.

అందుకే ముందు చూడాల్సింది పుస్తకం కాదు, గేజి. కీబోర్డు మీద విండోస్ బొమ్మ ఉన్న మీటను, ఆర్ మీటను కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో విన్‌వర్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కాలి. నీలిరంగు విండోస్ గుర్తు కింద వెర్షన్, దాని పక్కన బిల్డ్ నంబరు ఉన్న వరుస కనిపిస్తుంది. విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 అయితే 19045 అని, ఆ తర్వాత చుక్క, చుక్క తర్వాత ఇంకో అంకె. చూడాల్సింది ఆ చుక్క తర్వాతి అంకెనే. నెలవారీ అప్‌డేట్ పడిన ప్రతిసారీ అది పెరుగుతుంది. ఏ నెల అప్‌డేట్‌తో ఏ అంకె రావాలో మైక్రోసాఫ్ట్ వెర్షన్లవారీగా ప్రచురిస్తూనే ఉంటుంది. ఆ పట్టికతో మన అంకెను పోల్చుకుంటే పని అయిపోయింది. 2015లో విండోస్ 10 వచ్చినప్పటి నుంచి నెలవారీ అప్‌డేట్ పాతవాటన్నిటినీ తనలో కలుపుకొనే వస్తోంది. విండోస్ 7, 8.1లకు కూడా 2016 అక్టోబరు నుంచి అదే పద్ధతి పెట్టారు. ఈ నెలది వేసుకున్న సిస్టమ్‌లో పోయిన నెలదీ, అంతకుముందుదీ ఉన్నట్టే. ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికాలో ఉదయం విడుదలయ్యే ఈ అప్‌డేట్ మనకు ఆ రాత్రి పదిన్నరకో పదకొండున్నరకో అందుబాటులోకి వస్తుంది. బుధవారం తర్వాత చూసిన బిల్డ్ నంబరు ఆ నెలదానితో సరిపోయిందంటే, హిస్టరీ పేజీ ఎంత తెల్లగా ఉన్నా ఆ సిస్టమ్‌కు లోటు లేదు.

జాబితానే నమ్ముకుంటే ఎలా తప్పుదారి పడతామో 2017లో తెలిసొచ్చింది. ఆ ఏడాది మే 12, శుక్రవారం నాడు వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన సందును మూసే అప్‌డేట్‌ను ఎంఎస్17-010 పేరుతో మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేశారు. ఆ వారాంతంలో ఆఫీసుల్లో, ఇళ్లల్లో అందరి ప్రశ్నా ఒక్కటే: మన సిస్టమ్‌లో అది ఉందా, లేదా? విండోస్ 7 వాడేవాళ్లు జాబితా తెరిచి కేబీ4012212 అనే నంబరు కోసం వెతికారు. మార్చి నెల మొత్తం రోలప్ (పాతవన్నీ కలిపిన నెలవారీ అప్‌డేట్) వేసుకున్నవాళ్లకు ఆ నంబరు కనిపించదు. వాళ్ల జాబితాలో ఉండేది కేబీ4012215. ఏప్రిల్ రోలప్ వేసుకున్నవాళ్ల దగ్గర కేబీ4015549. ఈ మూడింట్లో ఏది ఉన్నా రక్షణ ఉన్నట్టే. వెతికిన నంబరు కనిపించనంత మాత్రాన రక్షణ లేదని అనుకోవడం తప్పు. చివరికి మైక్రోసాఫ్టే సరిచూసుకునే పద్ధతి చెబుతూ, కేబీ నంబర్ల పట్టికతోపాటు ఇంకో దారీ చూపింది: డ్రైవర్ల ఫోల్డర్‌లో ఎస్ఆర్‌వీ.సిస్ అనే ఫైలు మీద కుడి మీట నొక్కి, దాని వెర్షన్ ఎంతుందో చూడండి అని. పుస్తకాన్ని పక్కనపెట్టి నేరుగా గోదాములోని సరుకు చూసుకోమన్నట్టు. సందు మూసుకుందా లేదా అన్నది తేల్చేది ఆ ఫైలే.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం రావాలి. బిల్డ్ నంబరే అన్నీ చెబుతుంటే హిస్టరీ పోతే ఏం నష్టం, దాని కోసం ఇంత చర్చ ఎందుకు? రక్షణ ఉందా అన్న ప్రశ్న వరకైతే నిజంగానే నష్టం లేదు. కానీ ఇంటి కంప్యూటర్‌లో రోజూ ఎదురయ్యే ప్రశ్న అది కాదు. ‘మొన్నటిదాకా బాగానే ఉండేది, ఎప్పుడు చెడింది?’ అన్నది అసలు ప్రశ్న. 2021 జులైలో ప్రింట్‌నైట్‌మేర్ అనే లోపాన్ని మూయడానికి కేబీ5004945 అనే అత్యవసర అప్‌డేట్ వచ్చింది. అది వేసుకున్నాక కొన్ని రసీదు ప్రింటర్లు, లేబుల్ ప్రింటర్లు పనిచేయడం ఆగిపోయాయి. బిల్లు ప్రింటర్ మీద బతికే దుకాణదారుకు అప్పుడు కావాల్సింది బిల్డ్ నంబరు కాదు, తేదీ. ప్రింటర్ ఆగిన రోజూ, అప్‌డేట్ పడిన రోజూ పక్కపక్కన పెట్టి చూస్తే దోషి దొరుకుతుంది. తేదీలు లేకపోతే కేబుల్ మార్చి, డ్రైవర్ మార్చి, చివరికి ప్రింటరే మార్చి చూడాల్సి వస్తుంది. విఫలమైన అప్‌డేట్ల సంగతీ అంతే. ఒకే అప్‌డేట్ నాలుగు నెలలుగా ప్రయత్నించి పడిపోతోందన్న విషయం, ప్రతిసారీ వచ్చిన ఎర్రర్ కోడ్‌తో సహా, ఆ పేజీలో సామాన్యుడికి చదవడానికి వీలుగా ఉంటుంది. పేజీ తుడిచేశాక మిగిలేది ‘అప్‌డేట్ పడట్లేదు’ అన్న ఒక్క ఫిర్యాదే.

అదృష్టవశాత్తు సాక్షి ఒక్కడే కాదు. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ అనే దినచర్య పుస్తకం విడిగా నడుస్తుంటుంది. సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్‌ను తుడిచినా దీని జోలికి ఎవరూ పోరు. స్టార్ట్ బటన్ మీద కుడి మీట నొక్కితే వచ్చే వరుసలోనే అది ఉంటుంది. విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ తెరిచి, విండోస్‌అప్‌డేట్‌క్లయింట్ అనే మూలం పేరుతో వడపోస్తే ఒక్కో వరుసకు ఒక్కో అంకె కనిపిస్తుంది. 44 అంటే దించుకోవడం మొదలైంది. 43 అంటే వేయడం మొదలైంది. 19 అంటే విజయవంతంగా పూర్తయింది, 20 అంటే విఫలమైంది. 19 ఉన్న వరుస మీద నొక్కి చూడండి. కింద అప్‌డేట్ పూర్తి పేరు, కేబీ నంబరు, నిమిషం సెకనుతో సహా తేదీ ఉంటాయి. తెర ఏమీ జరగలేదన్న సిస్టమ్‌లోనే ఇవన్నీ వరుసగా కనబడతాయి. దీనికీ ఓ హద్దుంది. నిండిపోతే పాత పేజీల మీదే కొత్తవి రాసుకుంటుంది కాబట్టి మరీ పాతవి దొరకవు. స్టార్ట్‌లో రిలయబిలిటీ అని వెతికితే వచ్చే రిలయబిలిటీ మానిటర్ ఇదే సమాచారాన్ని రోజులవారీ గళ్లలో చూపిస్తుంది. ఏ రోజు అప్‌డేట్ పడింది, ఏ రోజు ఏ ప్రోగ్రాము కూలింది అన్నవి ఒకే నిలువు గడిలో కనిపిస్తాయి కాబట్టి ఇంట్లోవాళ్లకు ఇదే సులువు. గోదాము సొంత లెక్క కావాలంటే హిస్టరీ పేజీలోనే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ అన్న చోట చూడాలి. అక్కడ నాలుగైదు పేర్లే కనిపిస్తే గాబరా వద్దు. కొత్తది పాతదాన్ని మింగేసింది కాబట్టే అవి అలా తక్కువగా ఉంటాయి.

ఇంకో అభ్యంతరం కూడా బలమైనదే. అన్ని మార్పులూ ఈ పుస్తకంలో పడవు కదా? పడవు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు ఫైలుతో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలితెర చూపించి కూలబడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. ఆ ఫైలు విండోస్ అప్‌డేట్ దారిలో రాలేదు, ఆ సంస్థ సొంత దారిలో వచ్చింది. విండోస్ హిస్టరీలో దాని జాడ ఉండదు. ఇళ్లలోనూ యాంటీవైరస్, బ్రౌజర్, ప్రింటర్ కంపెనీ ప్రోగ్రాము వేటికవే మారిపోతుంటాయి. నిజమే, కానీ దీన్నిబట్టి ఉన్న పుస్తకం పనికిరాదని తేలదు. అది చాలదని మాత్రమే తేలుతుంది. చాలనిదాన్ని కూడా చేజార్చుకుంటే చేతిలో ఏమీ మిగలదు. విండోస్ బదులు ఉబుంటు లినక్స్ వాడేవాళ్ల పరిస్థితి ఈ విషయంలో మెరుగు. అక్కడ ప్రోగ్రాములు వేసే ఆప్ట్ అనే సాధనం ద్వారా జరిగిన మార్పులు వార్ అనే ఫోల్డర్ కింద లాగ్ ఫోల్డర్‌లో మామూలు టెక్స్ట్ ఫైలుగా పడి ఉంటాయి. ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, కాపీ చేసి దాచుకోవచ్చు. విండోస్‌లోనూ హిస్టరీ పేజీకి ‘దాచుకో’ అనే బటన్ ఒకటి ఉండి తీరాలి.

ఇక ఫార్మాట్ సంగతి. రిపేరు దుకాణదారును తప్పుపట్టడం తేలిక, న్యాయం కాదు. రోజుకు ఎన్నో సిస్టమ్‌లు చూడాల్సినవాడు ఒక్కోదాని మీద రెండు గంటలు పరిశోధన చేస్తే కస్టమర్ ఆ గంటలకు డబ్బు ఇవ్వడు. ఫార్మాట్‌కు ఓ రేటుంది, గడువుంది, ఫలితం ఖాయం. కానీ హిస్టరీ ఖాళీ అన్న ఒక్క కారణానికి ఫార్మాట్ కొట్టడమంటే, పద్దుల పుస్తకం కనబడలేదని గోదామే తగలబెట్టడం. డ్రైవర్లు, ప్రింటర్ సెట్టింగులు, అకౌంట్స్ ప్రోగ్రాము లైసెన్సు, తెలుగు ఫాంట్లు, డీటీపీ చేసేవాళ్లకైతే ఏళ్ల తరబడి కూర్చుకున్న కీబోర్డు అమరికలు, అన్నీ మళ్లీ పెట్టుకోవాలి. అంతా అయ్యాక హిస్టరీ పేజీ మళ్లీ ఖాళీగానే మొదలవుతుంది, ఈసారి నిజంగానే. ఫార్మాట్ తప్పని సందర్భాలు లేకపోలేదు. డిస్కు చెడినప్పుడు, వైరస్ వేళ్లూనుకున్నప్పుడు కొట్టాల్సిందే. అయితే ఆ నిర్ణయం విన్‌వర్ చూశాక, ఈవెంట్ వ్యూయర్ చూశాక తీసుకోవాలి. ఆ రెండూ చూడటానికి పది నిమిషాలు చాలు.

నిజంగా భయపడాల్సిన ఖాళీ ఒకటుంది. హిస్టరీ ఖాళీ, బిల్డ్ నంబరు పాతది, ఈవెంట్ వ్యూయర్‌లో నెలల తరబడి 19 అన్న అంకే లేదు. ఈ మూడూ కలిస్తే పుస్తకం పోలేదు, పద్దులే లేవు. కారణం చాలాసార్లు మనమే. దొంగ విండోస్‌ను నడిపించే క్రాక్ ప్రోగ్రాములు కొన్ని అప్‌డేట్ సర్వీసును పనికట్టుకుని ఆపేస్తాయి. నెట్ డేటా అయిపోతోందని కనెక్షన్‌ను మీటర్డ్‌గా పెట్టి మరిచిపోయిన ఇళ్లున్నాయి. కొన్ని వైరస్‌లు కూడా ఈ తలుపును మూసేస్తాయి. వీటికి తోడు విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో ఉచిత మద్దతు ముగిసింది. 2026 అక్టోబరు 13 వరకు పొడిగించిన భద్రతా అప్‌డేట్లకు విడిగా నమోదు చేసుకున్నవాళ్లకు తప్ప, మిగతావాళ్ల జాబితాలో 2025 అక్టోబరు 14 తర్వాత నెలవారీ భద్రతా పద్దు కనిపించదు. అక్కడ హిస్టరీ చెబుతున్నది అక్షరాలా నిజం. దాన్ని సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ ఫోల్డర్ తుడిచి ‘బాగుచేయడం’ కుదరదు.

గేజి బాగుందని తేలి, పుస్తకం మాత్రం పాడైందనుకుందాం. కొత్త అప్‌డేట్లు పడుతూ ఉంటే ఏమీ చేయనక్కర్లేదు. అవి పడటం కూడా ఆగితేనే ఫోల్డర్ వైద్యం అవసరం. అప్పుడైనా తుడిచేయవద్దు, పేరు మార్చండి. అంతకంటే ముందు సర్వీసులు ఆపి, లోపలున్న డేటాస్టోర్ ఫోల్డర్‌ను ఒక్కదాన్నే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డౌన్‌లోడ్ ఫోల్డర్‌తో పని లేదు, జాగా తినేది అదే. ఫైలు చెడకుండా ఉంటే, తర్వాత ఎప్పుడైనా సర్వీసులు ఆపి దాన్ని మళ్లీ అక్కడే పెట్టి పాత జాబితా చూసుకోవచ్చు. రిపేరు చేసేవాళ్లు బిల్లు వెనక ఒక్క వరుస రాసిస్తే ఇంకా మేలు: తేదీ, చుక్కతో సహా బిల్డ్ నంబరు, ఫోల్డర్ పేరు మార్చామన్న మాట. స్కూటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు కిలోమీటర్లు రాసుకోనివాడు లేడు, ఇదీ అలాంటి అలవాటే. రాసింది సీపీయూ పెట్టె పక్కన అంటించుకోండి. సర్వీసులు మళ్లీ మొదలుపెట్టి చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కితే కాసేపట్లో విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్‌కు వైరస్ పట్టిక దిగుతుంది, ఖాళీ పేజీలో మొదటి పద్దు అదే పడుతుంది. రెండో మంగళవారం రాత్రి దాటాక దాని పైన నెలవారీది చేరుతుంది.